ఒకే సూదిలో రెండు మందులు: వెన్నులో నొప్పి మందులు కలిపితే లెక్క ఎలా కడతారు?

చీపురుపల్లి దగ్గర మా మేనమామ ఊళ్లో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే చూశాను. లోపల దూడ అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు వచ్చి ఆవు తోకను పైకీ కిందికీ ఆడించారు. తోక మొదట్లో ఎముకల మధ్య కదిలే సందును వేలితో పట్టుకుని అక్కడ సూది దించారు. సిరంజిలోకి అంతకుముందే రెండు సీసాల్లోంచి మందు తీయడం మావయ్య గమనించాడు.

"రెండు మందులూ ఒకే సూదిలో కలిపీసినారేటి బాబూ, ఆవుకేటీ అవదు కదా?"

"ఒకటి తొందరగా పట్టుకుంటాది, రెండోది ఎక్కువసేపు ఉంటాది. భయం లేదు" అన్నారు డాక్టరు.

ఐదు నిమిషాలకు తోక పట్టు తప్పి వేలాడింది. దూడను లోపలికి నెట్టి, సరిచేసి, బయటికి లాగినంతసేపూ ఆవు ముక్కలేదు. నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంది.

ఆ రెండు మందులు లిడోకైన్, జైలజిన్. ఆవుల్లో వీటిని పోల్చి చూసిన ప్రయోగాలున్నాయి. లిడోకైన్ ఒక్కటే ఇస్తే ఐదు నిమిషాల్లో పనిచేస్తుంది, కానీ గంటన్నర తిరక్కుండా దిగిపోతుంది. జైలజిన్ ఒక్కటే ఇస్తే పట్టుకోవడానికి పది పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది, కానీ నాలుగు గంటలకు పైగా ఉంటుంది. రెండూ కలిపితే ఐదు నిమిషాల్లోనే పట్టుకుని, దాదాపు ఐదు గంటలు నిలుస్తుంది. డాక్టరు మావయ్యకు ఒక్క ముక్కలో చెప్పింది ఇదే.

మనుషులకూ ఇలాగే చేస్తారు. సిజేరియన్‌కో, హెర్నియా ఆపరేషన్‌కో మన వైపు వాళ్లు 'నడ్డిలో సూది' అనే ఇంజెక్షన్‌లో చాలాసార్లు ఒకటికి మించి మందులుంటాయి. నరాలను మొద్దుబార్చే బుపివకైన్ అసలు మందు. దానికి తోడుగా ఫెంటనిలో, క్లోనిడినో, డెక్స్‌మెడిటోమిడినో కొద్దిగా కలుపుతారు. ఏది దేనితో కలవాలి, ఎంత కలవాలి అన్న ప్రశ్నకు తొలి జవాబులు చాలావరకు ఎలుకలు, కుక్కలు, గొర్రెల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చాయి. 'రెండు మందులు కలిపితే ఎలుకల్లో నొప్పి బాగా తగ్గింది' అన్న వార్త అప్పుడప్పుడూ పేపర్లో కనిపిస్తుంది. ఆ 'బాగా' అన్న మాట వెనక ఉన్న లెక్క చాలామంది అనుకునేంత తేలిక కాదు. నాకు అర్థమవడానికీ చాలా కాలం పట్టింది.

ముందు వెన్నులోనే ఎందుకు ఇవ్వాలో చూద్దాం. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు సన్నని నరాల మీదుగా వెన్నుపాము వెనక భాగానికి చేరుతుంది. అక్కడ ఒక నరం చివర రసాయనాలను వదులుతుంది, ఇంకో నరకణం వాటిని అందుకుని మెదడు వైపు పంపుతుంది. ఊళ్లో వచ్చే ఉత్తరాలన్నీ ఒకే పోస్టాఫీసు మీదుగా వెళ్లినట్టు, నడుము కింద నుంచి వచ్చే నొప్పి కబుర్లన్నీ ఇక్కడే చేయి మారతాయి. ఆ గుమ్మం దగ్గర మందు పెడితే చాలా తక్కువతో పని అయిపోతుంది. వైద్యులు గుర్తుంచుకునే ఒక స్థూల లెక్క ఉంది: నోటితో 300 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పనిని, రక్తనాళంలోకి ఇస్తే 100, వెన్నుపొర బయట ఇస్తే 10, వెన్ను ద్రవంలోకే ఇస్తే 1 మిల్లీగ్రామ్ చేస్తుంది.

ఈ కథ మొదలైందే ఒక కుక్కతో. 1885లో న్యూయార్క్‌లో లియోనార్డ్ కార్నింగ్ అనే డాక్టరు ఒక కుక్క వెన్నుపూసల మధ్య కొకైన్ ఎక్కిస్తే దాని వెనక కాళ్లు పట్టు తప్పాయి. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ మనుషులకు ఆపరేషన్ కోసం వెన్నులో కొకైన్ ఇచ్చాడు. తన మీద, తన సహాయకుడి మీద కూడా ప్రయోగం చేసి, తర్వాత ఇద్దరూ రోజుల తరబడి తలనొప్పి పడ్డారు. ఆ తర్వాత పెద్ద మలుపు 1976లో వచ్చింది. టోనీ యాక్ష్, థామస్ రూడీ ఎలుక తల వెనక, పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్య ఉన్న పొరలోంచి ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని నడుము దాకా జార్చి, మార్ఫిన్ నేరుగా వెన్నుపాము మీదే పనిచేసి నొప్పి తగ్గిస్తుందని చూపించారు. మూడేళ్లు తిరక్కుండానే, 1979లో, 8 మంది క్యాన్సర్ రోగులకు వెన్ను ద్రవంలో మార్ఫిన్ ఇచ్చిన ఫలితాలు అచ్చయ్యాయి. ఎలుక నుంచి మనిషికి ఇంత తొందరగా చేరిన చికిత్సలు అరుదు.

ఇంత తక్కువ మందుతో పని జరుగుతున్నప్పుడు ఇంకోటి కలపడం ఎందుకు? ప్రతి మందుకూ దాని బాధ దానికుంది. వెన్నులో మార్ఫిన్ ఇస్తే ఒళ్లంతా దురద, వాంతులు, మూత్రం బిగబట్టడం మామూలే. మందు ద్రవంలో మెల్లగా పైకి పాకి, చాలా గంటల తర్వాత ఊపిరిని మందగింపజేసే ప్రమాదమూ ఉంది. బుపివకైన్ మోతాదు పెరిగితే కాళ్లు మొద్దుబారి బీపీ పడిపోతుంది. క్లోనిడిన్ బీపీ తగ్గించి మగత తెస్తుంది. ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం వాడితే నొప్పి తగ్గుదల కూడి, బాధలు విడివిడిగా చిన్నగా మిగులుతాయన్నది అసలు ఆశ.

శ్రీకాకుళం జిల్లాలో ఉన్నవాళ్లకు ఈ 'కొంచెం' అన్న మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో చూస్తూనే ఉన్నాం. కొబ్బరి తోటల్లోనూ జీడి బట్టీల్లోనూ రోజంతా పనిచేసి, సాయంత్రం ఒళ్లు నొప్పులకు మందుల షాపులో బిళ్ల కొని వేసుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు బలహీనపడిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మార్ఫిన్ శరీరంలో మారాక మిగిలే పదార్థాలు కూడా కిడ్నీ ద్వారానే బయటకు పోవాలి. కిడ్నీ పనిచేయనప్పుడు అవి పేరుకుని మగతనీ ఊపిరి కష్టాన్నీ తెస్తాయి. కిడ్నీ పాడైన మనిషికి క్యాన్సర్ నొప్పి కూడా తోడైతే డాక్టరు చేతిలో మిగిలే దారులు చాలా తక్కువ. పెద్ద మోతాదులో పదో వంతుతోనో నూరో వంతుతోనో నొప్పి ఆపగల పద్ధతి ఏదైనా వాళ్లకు ముందు కావాలి. అందుకే ఈ పరిశోధనల గురించి పట్టించుకోవాలనిపిస్తుంది నాకు.

పడవ నెట్టిన లెక్క

ఇప్పుడు అసలు చిక్కు. రెండు మందులు 'కలిసి ఎక్కువ పనిచేశాయి' అనడానికి ఎలుక మీద ఏం కొలుస్తారు? పాత పరీక్ష ఒకటి 1941 నుంచీ ఉంది. ఎలుక తోక మీద వేడి వెలుతురు పడేలా చేసి, తోకను పక్కకు లాక్కోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. నొప్పి మందు పనిచేస్తే ఆలస్యమవుతుంది. తోక కాలిపోకుండా ముందే ఒక గడువు పెట్టుకుని, అంతలోపు లాక్కోకపోయినా వేడి ఆపేస్తారు. మందు మోతాదు పెంచుతూ పోతే, మొత్తం ఫలితంలో సగం ఇచ్చే మోతాదు ఏదో తేలుతుంది. ఆ 'సగం మోతాదు' మీదే లెక్కంతా నడుస్తుంది.

చాలామంది చేసే తప్పు లెక్క ఇది: మొదటి మందు 10 శాతం నొప్పి తగ్గించింది, రెండోది 10 శాతం తగ్గించింది, రెండూ కలిపితే 50 శాతం తగ్గింది, 20 రావాల్సిన చోట 50 వచ్చింది కాబట్టి గొప్ప కలయిక. వినడానికి బాగుంటుంది. ఎందుకు తప్పో తెలియాలంటే కళింగపట్నం ఒడ్డుకు వెళ్లాలి. ఇసకలో దిగబడ్డ పడవను నలుగురు నెడితే కదలదు. ఇంకో నలుగురు విడిగా నెట్టినా కదలదు. ఎనిమిది మందీ ఒకేసారి నెడితే నీళ్లలోకి జారుతుంది. సున్నాకు సున్నా కలిపితే పడవ కదిలింది కదా అని ఆ రెండు గుంపుల మధ్య ఏదో ప్రత్యేకమైన పొత్తు ఉందంటామా? అక్కడున్నది ఎనిమిది మంది బలం. అంతే.

మందులూ అంతే. మోతాదు పెరిగినకొద్దీ ఫలితం గీత గీసినట్టు సమానంగా పెరగదు. మొదట నత్తనడక, మధ్యలో ఒక్కసారిగా ఎగబాకడం, చివర మళ్లీ చదును. ఒకే సీసాలోని మార్ఫిన్‌ని రెండు సిరంజిల్లోకి తీసి, రెండు వేరే మందులని అనుకుని పరీక్షించారనుకోండి. ఒక్కో సిరంజి 10 శాతం ఇస్తుంది, రెండూ కలిపితే 50 శాతం రావచ్చు. పై తప్పు లెక్క ప్రకారం మార్ఫిన్ తనతో తానే పొత్తు కట్టినట్టు అవుతుంది. ఇది అర్థం లేని మాట. కలయికల గురించి చదివేటప్పుడు నేను ముందు ఈ ఒక్క పరీక్ష పెట్టుకుంటాను: ఈ లెక్క పద్ధతి ఒకే మందును రెండుగా చీల్చినా పొత్తు ఉందంటుందా? అంటే ఆ పద్ధతిని నమ్మను.

సరైన పద్ధతికి పునాది వేసినవాడు జర్మన్ శాస్త్రవేత్త లోవె. 1920ల నుంచే ఆయన ఈ పని చేశాడు. ఫలితాలను కూడకూడదు, మోతాదులను మార్చుకుని చూడాలి అన్నది ఆయన ఆలోచన. వంద రూపాయల నోటుకు రెండు యాభైలు ఎంతో, ఈ మందు ఇంతకు ఆ మందు ఎంత సమానమో చూడాలి. లెక్క కోసం ఊహించుకుందాం: 'అ' మందు 10 పాళ్లు ఇస్తే సగం ఫలితం, 'ఆ' మందు 40 పాళ్లు ఇస్తే సగం ఫలితం. రెంటికీ ప్రత్యేకమైన పొత్తేమీ లేకపోతే 'అ'లో సగం 5 పాళ్లు, 'ఆ'లో సగం 20 పాళ్లు కలిపినా అదే ఫలితం రావాలి. ప్రయోగంలో 2 పాళ్ల 'అ', 8 పాళ్ల 'ఆ' కలిపితేనే ఆ ఫలితం వచ్చిందనుకోండి. 10లో 2 అంటే 0.2. 40లో 8 అంటే 0.2. మొత్తం 0.4. ఈ సంఖ్య 1 దగ్గరుంటే మామూలు కూడిక. 1 కన్నా బాగా తక్కువైతే నిజమైన పొత్తు, శాస్త్రవేత్తలు సినర్జీ అనేది. 1 దాటితే ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. అడ్డంగా ఒక మందు, నిలువుగా ఇంకో మందు పెట్టి గ్రాఫ్ గీస్తే, రెండు 'సగం మోతాదు'లను (ఇక్కడ 10నీ 40నీ) కలిపే ఏటవాలు గీత వస్తుంది. కలయిక చుక్క ఆ గీత కిందకి, మూల వైపుకి, పొరపాటుకు అవకాశం వదిలాక కూడా దిగితేనే సినర్జీ. దీన్ని ఐసోబోలోగ్రామ్ అంటారు.

పడవ దగ్గరికే మళ్లీ వస్తే, ఎనిమిదో మనిషి నెట్టడం మానేసి పడవ అడుగున దుంగలు పెట్టాడనుకోండి. అప్పుడు ఐదుగురితోనే పడవ కదలొచ్చు. అది పొత్తు. ఒకరు తోస్తున్నారు, ఇంకొకరు రాపిడి తగ్గిస్తున్నారు. రెండు పనులూ వేరు.

వెన్నుపాములో ఇలాంటి దుంగలు ఏవి? మార్ఫిన్ నొప్పి నరం చివర కాల్షియం తలుపులు మూసి కబురు రసాయనాలను ఆపుతుంది, అందుకునే కణంలో పొటాషియం తలుపులు తెరిచి దాన్ని మందగింపజేస్తుంది. బుపివకైన్ సోడియం తలుపులు మూసి నరంలో విద్యుత్తు పరుగునే అడ్డుకుంటుంది. ఈ జంట ఎలుకల్లో బలమైన సినర్జీ చూపింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు: ఒకటి కబురు బలాన్ని తగ్గిస్తుంది, రెండోది మిగిలినదాన్ని గుమ్మంలో ఆపుతుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మార్ఫిన్, క్లోనిడిన్ జంట. జైలజిన్, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా క్లోనిడిన్ కుటుంబమే. మావయ్య ఆవుకు పడిన సూది ఈ కుటుంబంలోదే. కణం లోపల ఇవి చేసే పని మార్ఫిన్ చేసేదానికి చాలా దగ్గర. మందు వచ్చి అతుక్కునే తాళం మాత్రం వేరు, ఆల్ఫా-2 అనే గ్రాహకం. ఒకే పని చేసే రెండు మందులకు కూడికే ఉండాలి, కానీ ఎలుకల్లోనూ చుంచుల్లోనూ సినర్జీ పదే పదే కనిపించింది. 1997లో ఆల్ఫా-2ఎ గ్రాహకం పనిచేయకుండా జన్యువు మార్చిన చుంచుల్లో చూస్తే, ఆ మందుల నొప్పి నివారణతో పాటు మార్ఫిన్ తరహా మందులతో వాటి పొత్తు కూడా పోయింది. పొత్తుకు ఆ గ్రాహకం తప్పనిసరి అని తేలింది.

రెండు మందులు కూడా అవసరం లేదు, రెండు చోట్లు చాలు. 1980లోనే ఎలుకల మెదడులో కొంచెం మార్ఫిన్, వెన్నులో కొంచెం మార్ఫిన్ ఒకేసారి ఇచ్చినప్పుడు, కూడిక కన్నా చాలా ఎక్కువ ఫలితం వచ్చింది. మనం మాత్రగా మింగిన మార్ఫిన్ అంత బాగా పనిచేయడానికి ఇదొక కారణం: అది రెండు చోట్లకూ ఒకేసారి చేరుతుంది.

ఒక జాగ్రత్త. సినర్జీ అన్నది మందుల జంటకు పుట్టుమచ్చ లాంటిది కాదు. అదే జంట ఒక నిష్పత్తిలో సినర్జీ చూపి, ఇంకో నిష్పత్తిలో ఉట్టి కూడికగా మిగలొచ్చు. వేడి పరీక్షలో కనిపించింది, నరం దెబ్బతిన్న నొప్పిలో కనిపించకపోవచ్చు. కాబట్టి 'ఫలానా రెండు మందులు సినర్జీ' అని ఊరికే అనేస్తే సగం మాటే. ఏ నొప్పికి, ఏ పాళ్లలో, ఏ దారిలో ఇచ్చినప్పుడు అన్నది కూడా చెప్పాలి.

ఎలుక చెప్పలేనివి

కదలలేని ఎలుక తోక లాక్కోదు. దానికి నొప్పి లేదని కాదు, కండరాలు పడిపోయాయి, లేదా మగతలో ఉంది. బుపివకైన్ కాళ్లను మొద్దుబారుస్తుంది, క్లోనిడిన్ మగత తెస్తుంది. అందుకే మంచి పరిశోధనల్లో తిరిగే కర్ర మీద ఎలుకను నడిపించి, అది పడిపోకుండా ఎంతసేపు నిలబడిందో కూడా చూస్తారు. అది చూడకుండా నొప్పి తగ్గిందంటే నేను సందేహిస్తాను.

రెండోది ఇంకా లోతైన చిక్కు. 1990లలో నియోస్టిగ్మిన్ అనే మందు మీద గట్టి ఆశలు పుట్టాయి. వెన్నులో ఎసిటైల్‌కోలిన్ అనే నరాల రసాయనం విరిగిపోకుండా కాపాడి నొప్పి తగ్గిస్తుంది, క్లోనిడిన్‌తోనూ మార్ఫిన్‌తోనూ బాగా పొసుగుతుంది. పైగా గొర్రెల్లో క్లోనిడిన్ పడగొట్టిన బీపీని నిలబెట్టింది కూడా. ఒక మందు చెడును ఇంకోటి సరిచేసే కలయిక కన్నా ఏం కావాలి? మనుషులకు ఇచ్చేసరికి నొప్పి తగ్గింది గానీ, విపరీతమైన వికారం, వాంతులు పట్టుకున్నాయి. వెన్నులో ఆ మందు వాడకం అక్కడే నెమ్మదించింది. ఎలుకల ప్రయోగాలు దీన్ని ముందే చెప్పలేకపోవడానికి కారణం చాలా సూటిది: ఎలుకలకు కక్కుకోవడం రాదు. వాటి శరీరానికి ఆ ఏర్పాటే లేదు. వికారం చేసిన ఎలుక మట్టి తింటుంది. సున్నపు రంగు తెల్ల బంకమట్టి పక్కన పెట్టి, ఎంత తిన్నదో తూచే పరీక్ష దశాబ్దాలుగా ఉంది. నొప్పి కొలిచే చోట ఆ మట్టిని కూడా తూచి ఉండాల్సింది.

మూడోది కొలతలు. మనిషిలో మెదడు, వెన్ను చుట్టూ ఉండే ద్రవం దాదాపు 150 మిల్లీలీటర్లు. ఎలుకలో అది మిల్లీలీటరులో మూడో వంతు కూడా ఉండదు, కొన్ని చుక్కలు. ఎలుక వెన్నులోకి ఒకసారి ఇచ్చేది 10 మైక్రోలీటర్లే. కిలో బరువుకు ఇంత అని హెచ్చవేసి ఎలుక మోతాదును మనిషికి తెచ్చుకోలేం. రెండు మందులు ద్రవంలో వేర్వేరు వేగంతో పాకుతాయి కాబట్టి, ఎలుకలో కుదిరిన పాళ్లు మనిషి వెన్నులో ఆ చోటికి చేరేసరికి మారిపోవచ్చు.

నొప్పి తగ్గించడం వేరు, వెన్నుపామును పాడుచేయకపోవడం వేరు. ఏళ్ల తరబడి ఒంట్లో అమర్చిన పంపుతో వెన్ను ద్రవంలోకి గాఢమైన మార్ఫిన్ ఇచ్చిన కొందరు రోగుల్లో గొట్టం కొసన వాపు గడ్డలు కట్టాయి. కుక్కల్లోనూ గొర్రెల్లోనూ అదే పునరావృతం చేసి చూశాకే గాఢత ఎంత దాటకూడదో స్పష్టత వచ్చింది. రెండు మందులు ఒకే సీసాలో రోజుల తరబడి కలిసి ఉంటే విరిగిపోవా, నిల్వ కోసం వేసిన రసాయనం నరాన్ని కాల్చదా అన్నవి కలయికకు అదనంగా వచ్చే ప్రశ్నలు. రక్తనాళంలోకి ఇవ్వడానికి అనుమతి ఉన్న మందు కదా అని వెన్నులోకి కూడా ఎక్కించేస్తే సరిపోదు.

ఇక ఎలుకల సంగతి. ఒక ఐసోబోలోగ్రామ్ కోసం 'అ' మందు నాలుగు మోతాదులు, 'ఆ' మందు నాలుగు, కలయిక నాలుగు, ఒక్కో మోతాదుకు ఎనిమిది ఎలుకలు అనుకుంటే 96 ఎలుకలు. అదీ ఒక్క నిష్పత్తికి. ఇంకో నిష్పత్తి చూడాలంటే ఇంకో 32. నొప్పి ఆపడం కోసం నొప్పి పెట్టడం ఈ పరిశోధనలో ఉన్న బరువు. దాన్ని తేలిగ్గా దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆ ఆవు నొప్పి తగ్గించడానికి వాడిన తెలివి ఎక్కడో ఎన్నో ప్రాణుల నొప్పి మీద వచ్చిందే. నొప్పి పరిశోధకులు 1983లోనే తమకు తాము కొన్ని నియమాలు రాసుకున్నారు: ప్రాణి తప్పించుకోగలిగేలా ఉండాలి, అవసరానికి మించి ఒక్క క్షణం నొప్పి ఉండకూడదు. ఎలుక ముఖంలో కళ్లు ముడుచుకోవడం, చెవులు వెనక్కి పోవడం చూసి బాధను అంచనా వేసే కొలమానాలు 2010 తర్వాత వచ్చాయి. దానికి వేడి పెట్టక్కర్లేదు, చూస్తే చాలు.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద, జంతువుల మీద ప్రయోగం చేసే ప్రతి సంస్థలో ఒక నైతిక సంఘం ఉండాలి. అందులో శాస్త్రవేత్తలు, పశువైద్యుడితో పాటు విజ్ఞానశాస్త్రంతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న ఒక మనిషి కూడా కూర్చోవాలి. లాయరు కావచ్చు, తెలుగు మాస్టారు కావచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎదురుగా ఉన్న కాగితం మీద అర్థం కాని గ్రాఫ్ చూసి సంతకం పెట్టనక్కర్లేదు, ఇలా అడగొచ్చు. సగం మోతాదులు విడివిడిగా ముందే తేలాయా, లేక ఈ ఎలుకల మీదే మొదలుపెడుతున్నారా? ఇంతకుముందు ఎవరైనా ఇదే నిష్పత్తి చూశారా? వేడి గడువు ఎన్ని సెకన్లు? ఎలుక నడవగలుగుతోందో లేదో చూస్తున్నారా? దాని గూట్లో తెల్లమట్టి పెడుతున్నారా?